రాజముద్రకెక్కని జాంబవంతుడు

జెండాల మీద సింహం, నాణేల మీద వరాహం, ప్రభుత్వ ఉత్తర్వుల్లో జింక. పాలమూరు, నల్లగొండ గుట్టల్లో తరతరాలుగా కాపురముంటున్న గుడ్డెలుగుకు మాత్రం ఏ రాజూ, ఏ సర్కారూ పీట వేయలేదు. దాన్ని పెద్దదిక్కుగా చెప్పుకున్నది రాజ్యాలు లేనివాళ్లే.

వినాయక చవితి పూజ చివర, చేతిలో అక్షింతలు పట్టుకుని ఇంటిల్లిపాదీ వినే శమంతకోపాఖ్యానాన్ని ఒకసారి గుర్తుచేసుకోండి. మణి మెడలో వేసుకుని వేటకు వెళ్లిన ప్రసేనుణ్ని సింహం చంపింది. ఆ సింహాన్ని జాంబవంతుడు చంపాడు. మణిని గుహకు తీసుకెళ్లి బిడ్డకు ఆటవస్తువుగా ఇచ్చాడు. మీదపడ్డ నింద పోగొట్టుకోవడానికి ఆ గుహలో అడుగుపెట్టిన శ్రీకృష్ణుడు ముసలి భల్లూకరాజుతో 28 రోజులు పెనుగులాడాల్సి వచ్చింది. ఎదుట ఉన్నవాడు ఒకప్పటి తన రాముడేనని చివరికి గ్రహించిన జాంబవంతుడు మణితో పాటు కూతురు జాంబవతినీ ఇచ్చి సాగనంపాడు.

మృగరాజని మనం పిలుచుకునే సింహాన్ని మట్టికరిపించినవాడు. దేవుడికి పిల్లనిచ్చిన మామ. సముద్రం ఒడ్డున దిగాలుపడి కూర్చున్న హనుమంతుడికి అతని బలాన్ని అతనికే గుర్తుచేసిన పెద్దమనిషి. ఇంతటి పెద్దరికం ఉన్న ఎలుగును మన రాజులు ఎక్కడైనా జెండాకు ఎత్తారా, నాణెం మీద కొట్టించారా, కోట ద్వారం మీద చెక్కించారా అని వెతికితే కంటికి ఆనదు.

కృష్ణ, తుంగభద్రలు కలిసే చోటికి దగ్గర్లో అలంపురం గుళ్లు కట్టించిన బాదామి చాళుక్యుల లాంఛనం వరాహం. కాకతీయులదీ వరాహమే. విజయనగర రాజుల ముద్రలోనూ వరాహం, దాని ముందు కత్తి, పైన సూర్యచంద్రులు. బంగారు నాణేనికి జనం వాడుక పేరే వరహా అయింది. అచ్యుతదేవరాయలి నాణేల మీద రెండు తలల గండభేరుండం కనిపిస్తుంది. తర్వాత మైసూరు ఒడయార్లు ఆ పక్షిని తమ చిహ్నం చేసుకున్నారు, ఇవాళ కర్ణాటక ప్రభుత్వ ముద్రలో ఉన్నదీ అదే. మన రాచకొండ, దేవరకొండలను ఏలిన రేచర్ల పద్మనాయకులైతే సింహాన్ని ఏకంగా పేర్లలోనే పెట్టుకున్నారు: సింగమనాయకుడు, సర్వజ్ఞ సింగభూపాలుడు. ఆ వంశపు కొమ్మేనని చెప్పుకున్న సురభి వారు జటప్రోలు సంస్థానాన్ని కొల్లాపురం నుంచి ఏలారు. ఇక దేవుళ్ల సంగతి చూస్తే యాదగిరిగుట్ట, మట్టపల్లి, వాడపల్లి, సింగోటం, ఈ నేల మీద ఏ గుట్టెక్కినా ఏ రేవుకు దిగినా నరసింహస్వామే.

ఈ గుట్టల్లో సింహం లేదు. ఎలుగు ఉంది.

శ్రీకృష్ణదేవరాయలు మాత్రం కొంత దగ్గరిదాకా వచ్చాడు. సంస్కృతంలో ఆయన రాసిన నాటకం జాంబవతీ పరిణయం. ఎలుగురాజు కూతురిని నాయికగా నిలబెట్టి హంపీలో ఆడించుకున్న చక్రవర్తి సైతం తన ముద్రలో వరాహాన్నే ఉంచుకున్నాడు. అంతఃపురానికి జాంబవతి పనికొచ్చింది, కోట బురుజుకు ఆమె తండ్రి పనికిరాలేదు. ఎందుకని? ముద్రలో ఉండే జంతువు ఎదుటివాణ్ని భయపెట్టాలి, లేదంటే ఏదో ఒక దేవుడి అవతారమై ఉండాలి. ఎలుగు భయపెడుతుంది నిజమే. కానీ అది పుట్టలు తవ్వుకు తింటుంది, వంగి నడుస్తుంది, బిడ్డలను వీపున మోస్తుంది. రాజసం అనుకునే లక్షణాలేవీ దానికి లేవు. ఎవరి బతుకులా కనిపిస్తుందంటే, కష్టం చేసుకునేవాళ్ల బతుకులా కనిపిస్తుంది.

రాజులు పోయాక వచ్చిన ప్రభుత్వాలు కూడా దాదాపు అదే దారిన నడిచాయి. 1950 జనవరి 26న సారనాథ్ సింహాలు గణతంత్రానికి ముద్ర అయ్యాయి. కొన్నాళ్లు సింహమే జాతీయ జంతువు, ఆ తర్వాత పులి. 1973లో పులుల కోసం ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది. తెలంగాణ వచ్చిన ఏడాదే, 2014 నవంబరులో, మన రాష్ట్ర చిహ్నాలు ఖాయమయ్యాయి. జింక, పాలపిట్ట, జమ్మిచెట్టు, తంగేడు పువ్వు. వాటిలో ఏ ఒక్కదాన్నీ కాదనలేం. బతుకమ్మలో తంగేడు, దసరాకు జమ్మి, పాలపిట్ట, అన్నీ మన పండుగల్లోంచి వచ్చినవే. జింక చూడచక్కని జీవి. అయినా ఒక మాట అనిపిస్తుంది. పండుగను చూసి చెట్టును, పువ్వును, పిట్టను ఎంచుకున్న చేతులే చవితి కథను చూసి జంతువును ఎంచుకుని ఉంటే, జాంబవంతుడికి ఆనాడే చోటు దక్కేది. దేశంలో మరే రాష్ట్రమూ ఎలుగును తన జంతువుగా పెట్టుకోలేదు.

పోచంపల్లి చీర మీద ఏనుగు, చిలుక నడుస్తాయి. గద్వాల అంచు మీద హంస, నెమలి. ఎలుగు నేసిన చీర నా కంటపడలేదు.

ప్రభువులకు గద్ద, పల్లెకు మీషా

ఎలుగు అనగానే లోకమంతటికీ గుర్తొచ్చే దేశం రష్యా. విచిత్రమేమంటే అక్కడా రాజముద్ర మీద ఎలుగు లేదు. మాస్కో ప్రభువు మూడో ఇవాన్ 1472లో బైజాంటియం రాజవంశపు ఆడపడుచు సోఫియాను పెళ్లాడాడు. 1497 నాటి అతని ముద్రలో రెండు తలల గద్ద వచ్చి కూర్చుంది. జార్లు పోయేదాకా అదే. సోవియట్లు దాన్ని తీసేశారు, వాళ్లు పోయాక 1993లో రష్యా మళ్లీ తెచ్చుకుంది. మన గండభేరుండానికి అది దూరపు చుట్టంలా ఉంటుంది. యారొస్లావ్ల్, నొవ్‌గొరోద్, పెర్మ్ లాంటి ఊళ్ల చిహ్నాల్లో ఎలుగు ఉంది కానీ సామ్రాజ్యపు చిహ్నం స్థాయికి ఎదగలేదు. రష్యా అంటే ఎలుగు అన్న బొమ్మను లోకానికి పరిచయం చేసింది పడమటి దేశాల పటాలు, పత్రికలు. లండన్ పంచ్ పత్రిక 1878లో వేసిన కార్టూన్‌లో అఫ్ఘాన్ అమీర్ నడుమ నిలబడి ఉంటాడు, ఒక పక్క బ్రిటిష్ సింహం, ఇంకో పక్క రష్యా ఎలుగు. ఆ ఎలుగు ఎక్కడ హిందూస్థాన్ మీదికి దిగుతుందోనన్న భయంతోనే ఇంగ్లీషువాళ్లు వాయవ్య సరిహద్దులో యుద్ధాలు చేశారు.

మరి రష్యా ప్రభువర్గం ఎలుగును ఏం చేసింది? ఆటవస్తువును చేసింది. పుష్కిన్ నవల దుబ్రోవ్‌స్కీలో త్రొయెకూరొవ్ అనే జమీందారు తన ఇంట్లో ఎలుగులను పెంచుతాడు. ఆకలితో ఉన్న ఎలుగును గదిలో కట్టేసి, కొత్తగా వచ్చిన అతిథిని ఆ గదిలోకి నెట్టి తలుపు వేయడం అతని వినోదం. టాల్‌స్టాయ్ యుద్ధము-శాంతిలో తాగిన కులీన యువకులు ఒక పోలీసు అధికారిని ఎలుగు వీపుకు కట్టి నదిలో వదిలారన్న ఉదంతం పీటర్స్‌బర్గ్ కథల్లో ఒకటి. ఇవాళ బెలారస్‌లో ఉన్న స్మొర్గోన్‌లో రాడ్జివిల్ ప్రభువుల పోషణలో ఎలుగులకు ఆట నేర్పే బడే నడిచింది. వేడెక్కిన లోహపు నేల మీద నిలబెట్టి, కాళ్లు కాలుతుంటే ఎగిరే ఎలుగుకు డప్పు వినిపించేవారు. తర్వాత ఆ డప్పు చప్పుడు వింటే చాలు, కాళ్లు వాటంతటవే లేచేవి.

టాల్‌స్టాయ్ స్వయంగా కౌంట్. 1858 డిసెంబరులో మంచులో వేటకు వెళ్లి ఎలుగును గాయపరిచాడు. అది ఆయన మీద పడి తల నోట కరిచింది. వెంట వచ్చిన పల్లెటూరి వేటగాడు కేకలు పెడుతూ పరిగెత్తుకొచ్చి దాన్ని తరిమితే ప్రాణం దక్కింది. ఆ ఎలుగు తోలు ఇప్పటికీ మాస్కోలోని ఆయన ఇంటి మ్యూజియంలో పరిచి ఉంటుంది. ఆ అనుభవాన్ని పిల్లల పాఠంగా రాశాడు. తర్వాతి కాలంలో వేట మానేశాడు, మాంసం మానేశాడు. జంతువును చంపడమే మగతనం అనుకునే వర్గంలో పుట్టి, ఆ వర్గాన్నే లోపలినుంచి ప్రశ్నించిన మనిషి ఆయన. మూడు ఎలుగుల కథను రష్యా పిల్లలకు తిరిగి చెప్పినదీ ఆయనే. అందులో ఎలుగులకు మనుషుల్లా పేరు, తండ్రి పేరు ఉంటాయి: మిఖాయిల్ ఇవానొవిచ్, నస్తాస్యా పెత్రోవ్నా, చిన్నారి మిషూత్కా. గద్ద ప్రభువులది, ఎలుగు పల్లెది. అక్కడి రైతు అడవిలో ఎలుగును పేరు పెట్టి పిలిచాడు.

1917లో రష్యాలో ప్రభువుల బిరుదులన్నీ రద్దయ్యాయి. 1949లో హైదరాబాదులో జాగీర్లు రద్దయ్యాయి. ఈ రెండు తేదీల మధ్య నల్లగొండ పల్లెలు తుపాకీ పట్టి పోరాడాయి. 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో గెలిచిన సంగతి ఈ జిల్లా ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఆ తర్వాతి దశాబ్దాల్లో విశాలాంధ్ర పుస్తకాల బండ్లతో పాటే సోవియట్ బొమ్మల పుస్తకాలూ వచ్చాయి. ఉప్పల లక్ష్మణరావు లాంటివాళ్లు మాస్కోలో కూర్చుని తెలుగు చేసిన పుస్తకాలు అవి. 1980 మాస్కో ఒలింపిక్స్‌కు చిజికోవ్ గీసిన మీషా ఎలుగు పిల్ల ముగింపు వేడుకలో బుడగలతో ఆకాశంలోకి ఎగిరిపోయింది. నల్లగొండ పిల్లలు ఆ మీషాను ప్రేమించారు. పక్కనున్న గుట్టలోని గుడ్డెలుగు పిల్లను మాత్రం బొమ్మల్లో ఎవరూ చూపించలేదు.

తుపాకీ, తాడు

పాలమూరుకు మహబూబ్‌నగర్ అన్న పేరు 1890లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ మీదుగా వచ్చింది. ఆయన పేరుమోసిన పులి వేటగాడు. ఆయన కొలువులో ఫొటోలు తీసిన రాజా దీన్‌దయాళ్ ఆల్బమ్‌లలో చచ్చిన పులుల పక్కన తుపాకులు పట్టి కూర్చున్న దొరలు, నవాబులు వరుసగా కనబడతారు. 1902లో వైస్రాయ్ కర్జన్ దంపతులు నిజాం రాజ్యంలో చంపిన పులితో దిగిన ఫొటో లోకమంతా తిరిగింది. నల్లమలలో ఫర్హాబాద్ దగ్గర నిజాం వేట విడిది ఆనవాళ్లు ఇంకా ఉన్నాయి. పులి అయితే ఫొటో. ఎలుగు చచ్చినా దాని పక్కన కుర్చీ వేసుకోవాలన్న మోజు ఎవరికీ ఉండేది కాదు. గుట్టలో ఎదురుపడితే కాల్చిపారేసేవారు.

1972 వన్యప్రాణి రక్షణ చట్టం వేటను ఆపింది. ఎలుగు మొదటి షెడ్యూలులో, అంటే పులికి ఉన్నంత రక్షణతో ఉంది. తుపాకీ ఆగినా తాడు ఆగలేదు. మన తరం చాలామందికి గుర్తుండే ఉంటుంది: వీధి మలుపులో డమరుకం, ముక్కులోంచి తాడు, రెండు కాళ్ల మీద నిలబడ్డ నల్లటి ఒళ్లు. దడుపు పోతుందని తల్లులు పిల్లలను దాని వీపుమీద కూర్చోబెట్టేవారు. తాయెత్తులో పెట్టడానికి దాని వెంట్రుక కొనుక్కునేవారు. ఆ నాట్యం వెనకున్నది ఏమిటో మనకు తెలియదు, లేదా తెలుసుకోలేదు. తల్లిని చంపి పిల్లను పట్టేవారు. మత్తుమందేమీ లేకుండా కాల్చిన ఇనప సూదితో మూతికి బెజ్జం పొడిచి తాడు ఎక్కించేవారు. పళ్లు విరగ్గొట్టేవారు. స్మొర్గోన్ ప్రభువుల బడికీ మన వీధి ఆటకూ వందల ఏళ్ల దూరం ఉన్నా నేర్పింది నొప్పితోనే.

ఎలుగునాడించిన కలందర్లు పేద ముస్లింలు, తాతముత్తాతల నుంచీ అదే పొట్టకూటి విద్య. వాళ్లను తిట్టి పోలీసులకు అప్పజెబితే పని అయిపోయేది కాదు. వైల్డ్‌లైఫ్ ఎస్‌ఓఎస్ సంస్థ అర్థం చేసుకున్నది ఇదే. ఎలుగును అప్పగించిన కుటుంబానికి వేరే బతుకుతెరువు చూపింది, పిల్లలను బడికి పంపింది. 2002లో ఆగ్రాలో తొలి ఎలుగు చేరింది. 2009 చివరికి వీధుల్లో ఆడే ఎలుగు లేకుండా పోయింది. ఆరు వందలకు పైగా ఎలుగులు బయటపడ్డాయి, వాటిలో దక్షిణాదివి చాలావరకు బెంగళూరు పక్కన బన్నేర్‌ఘట్టలో చేరాయి. దేశంలో ఒక క్రూరమైన ఆచారం, దాన్ని నమ్ముకున్నవాళ్లను రోడ్డున పడేయకుండా ముగిసిన అరుదైన సందర్భం ఇది. దీన్ని మనం సగర్వంగా చెప్పుకోవాలి.

కిన్నెర చెప్పే వంశం

రాజులు వదిలేసిన ఎలుగును పట్టుకున్నవాళ్లు వేరే ఉన్నారు. తెలంగాణ మాదిగ పల్లెల్లో జాంబవంతుడు ఆదిపురుషుడు. భూమి పుట్టకముందే పుట్టినవాడు, సృష్టికే సాక్షి. ఆ కథే జాంబపురాణం. చిందు కళాకారులు దాన్ని వేషం కట్టి ఆడతారు. ఎదురుగా బ్రాహ్మణ పాత్ర నిలబడి ప్రశ్నలు వేస్తుంటే, ఎవరు ముందు పుట్టారో, ఎవరు దేన్ని చేసి లోకానికి ఇచ్చారో జాంబవంతుడు బదులిస్తాడు. ఊరి నడిబొడ్డులో, ఊరందరి ముందు, అంటరానివాడని పక్కన పెట్టినవాడు తనే అందరికీ పెద్దనని వాదించి గెలిచే సభ అది. రాత్రి పొద్దుపోయేదాకా జనం కదలరు.

డక్కలి వాళ్లు అదే వంశకథను పటం పరిచి, కిన్నెర మీటి చెబుతారు. బొంగుకు సొరకాయ బుర్రలు కట్టి, తేనెమైనంతో మెట్లు నిలిపిన వాద్యం కిన్నెర. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెరతో 2022లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆయన ఎక్కువగా పాడేది ఉన్నవాళ్లను కొట్టి లేనివాళ్లకు పంచిన పండుగ సాయన్న కథ. ఆ కిన్నెర పుట్టిన ఇల్లే జాంబవుని కథ చెప్పే ఇల్లు. రాజముద్రలు తయారుచేసే కంసాలి పనితనం గొప్పదే, కానీ ఒక జంతువును వందల ఏళ్లపాటు గొంతులో దాచుకున్న ఈ పనితనం ముందు అది నాకు చిన్నదిగా కనిపిస్తుంది.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పుకోవాలి. జాంబవుణ్ని ఎలుగుగా చూపడాన్ని ఒప్పుకోనివాళ్లు ఆ సమాజంలోనే ఉన్నారు. ఆయన ఒక మూలవాసుల రాజు, ముని, పురాణాలే ఆయనను జంతువును చేశాయి అంటారు. వానరులనూ రాక్షసులనూ అలాగే చేశాయి కదా అని అడుగుతారు. ఆ ప్రశ్నలో బలం ఉంది. అదే సమయంలో, ప్రపంచంలో అడవితో బతికిన జాతులెన్నో ఎలుగును పూర్వీకుడిగా తలచాయి. అక్కడ జంతువు అన్నమాట చిన్నచూపు కాదు, చుట్టరికం. రెండు తలల గద్దను పెట్టుకున్న ప్రభువు దాన్ని తన తాత అని ఎన్నడూ అనలేదు.

మన పెళ్లిళ్లలో కొత్త జంటకు అరుంధతి నక్షత్రం చూపిస్తారు. వశిష్ఠుడి పక్కన మిణుకుమనే ఆ చుక్క ఉన్నది సప్తర్షి మండలంలో. గ్రీకులు అదే చుక్కల గుంపులో పెద్ద ఎలుగును చూశారు. ఆ సప్తర్షులను పూర్వం ఎలుగులనే పిలిచేవారని శతపథ బ్రాహ్మణం కూడా అంటుంది. అరుంధతి తమ ఇంటి ఆడపడుచని మాదిగలు చెప్పుకుంటారు, అరుంధతీయులన్న పేరు అలా వచ్చిందే. ఎలుగు చుక్కల్లోని ఆడబిడ్డకు దండం పెట్టి కాపురాలు మొదలుపెట్టే జాతి మనది.

పుట్ట తవ్వే చేతులు

ఇక నిజమైన ఎలుగు దగ్గరికి వద్దాం. మన దగ్గరున్నది రష్యా మంచులోని గోధుమరంగు ఎలుగు కాదు. ఇది భారత ఉపఖండానికే చెందిన జాతి. భారత్, శ్రీలంక, నేపాల్ దీని ఇళ్లు. బంగ్లాదేశ్‌లో అంతరించిపోయింది. జార్జ్ షా అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1791లో దీని పొడుగాటి గోళ్లు, పైదవడ ముందు లేని పళ్లు చూసి, దక్షిణ అమెరికా చెట్లకు వేలాడే స్లాత్ అనుకున్నాడు. ఆ పొరపాటు స్లాత్ బేర్ అన్న ఇంగ్లీషు పేరులో స్థిరపడిపోయింది. లేని ఆ రెండు పళ్లే దీని బతుకు రహస్యం. గోళ్లతో చెదల పుట్టను తవ్వి, ముక్కుపుటాలు మూసుకుని, పెదాలు గొట్టంలా చాచి, ముందుపళ్ల సందులోంచి చెదలను జుర్రుకుంటుంది. ఆ చప్పుడు నిశ్శబ్దంగా ఉన్న అడవిలో చాలా దూరం వినిపిస్తుంది.

చలికాలంలో రాళ్ల గుహలో ఈనుతుంది. ఒకటో రెండో పిల్లలు. బయటికి వచ్చాక నెలల తరబడి వాటిని వీపు మీదే మోస్తుంది. ఎలుగు జాతుల్లో ఇలా మోయడం దీనికే అలవాటు. మెడ మీది జూలును పట్టుకుని పిల్లలు కూర్చుంటాయి. ఎండాకాలం తునికి పండు, ఇప్పపువ్వు, తేనె. వానలకు నేరేడు. చలి మొదలయ్యేవేళకు సీతాఫలం, ఆపై రేగుపండ్లు. దేశమంతా తోటల్లో పెంచే బాలానగర్ సీతాఫలం రకం పుట్టిందీ మహబూబ్‌నగర్ జిల్లాలోనే. పండు తిన్న ఎలుగు గింజలను గుట్టంతా చల్లుతుంది.

నల్లగొండ, నాగర్‌కర్నూల్ జిల్లాల మీదుగా 2,611 చదరపు కిలోమీటర్లు పరుచుకున్న అమ్రాబాద్ పులుల అభయారణ్యం దీనికి ఇవాళ పెద్ద ఆసరా. 1983లో నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యంగా మొదలై, రాష్ట్రం విడిపోయాక తెలంగాణ భాగానికి ఈ పేరు వచ్చింది. ఇక్కడి చెంచులు కొండ అంచున తాడు వేసుకుని దిగి తేనెపట్టు కోస్తారు. పైన తాడు కాపలాకు బావమరిదిని కూర్చోబెట్టడం వాళ్ల ఆనవాయితీ. చెల్లెలి కాపురం గుర్తున్నవాడు తాడు వదలడు. అదే తేనె కోసం కింది నుంచి ఎలుగు వస్తుంది. అదే ఇప్పచెట్టు కిందికి తెల్లవారుజామున ఇద్దరూ చేరతారు. పులి కన్నా గుడ్డెలుగంటేనే ఎక్కువ జాగ్రత్త పడతామని అడవిలో బతికేవాళ్లు చెబుతారు. దానికి కారణం ఉంది. చూపు, వినికిడి మందం, ముక్కు మాత్రం చురుకు. గాలి ఎదురు దిశలో ఉంటే మనిషి దగ్గరికి వచ్చేదాకా తెలియదు. తెలిశాక పారిపోదు. పులిని ఎదిరించి నిలిచి బతికిన జాతి కాబట్టి ఎదురు తిరగడమే దానికి వచ్చిన రక్షణ. అది ముఖం మీద చేసే గాయాలు మనిషిని జీవితాంతం వెంటాడతాయి. ఎలుగు మీద ప్రేమతో ఈ సంగతిని దాచకూడదు. ఆసుపత్రిలో కుట్లు వేయించుకున్న పశువుల కాపరికి జాంబవంతుడి కథ చెబితే కడుపు నిండదు. నష్టపరిహారం చేతికి త్వరగా రావాలి, మంచి వైద్యం దగ్గర్లో ఉండాలి.

నల్లమల మీద 2019లో యురేనియం భయం కమ్మింది. చెంచు గూడేల నుంచి హైదరాబాదు దాకా నిరసనలు లేచాయి. ఆ సెప్టెంబరులో శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. అడవికి ఆ మేరకు ఊపిరి దొరికింది.

అడవి బయట ఉన్న గుట్టల సంగతి వేరు. మహబూబ్‌నగర్, నారాయణపేట, వనపర్తి, నల్లగొండ జిల్లాల్లో పొలాల నడుమ ఒంటరిగా నిలిచిన రాతిగుట్టలు మన నేలకు ప్రత్యేకం. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి రాయి. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న బండల సందులే ఎలుగు గుహలు. ఆ గుట్టలకు అభయారణ్యం అన్న పేరు లేదు. గ్రానైట్ కోసం వాటిని అడ్డంగా కోస్తున్నారు. గుహ పోయిన ఎలుగు మొక్కజొన్న చేనుకో, పల్లి చేనుకో దిగుతుంది. గట్టు లేని వ్యవసాయ బావిలో పడుతుంది. ఊళ్లోకి వస్తే సెల్‌ఫోన్లు పట్టుకుని వెంటబడతాం. బెదిరి అది ఎవరినో కరిస్తే ఎలుగు దాడి అని రాస్తాం. గుట్ట మీద మనిషి చేసిన దాడి గురించి రాయం. పత్రికలో పనిచేసేవాళ్లుగా ఈ లెక్క మనమే సరిచేయాలి.

ఇది అసాధ్యమైన పని కాదు. హంపీ పక్కన దరోజీలో, ఇలాంటి రాతిగుట్టల మధ్యనే, కర్ణాటక 1994లో ఎలుగుల కోసమే ఒక అభయారణ్యం ఏర్పాటు చేసింది. గుజరాత్‌లో జెస్సోర్ 1978 నుంచీ ఉంది. జాంబవతీ పరిణయం ఆడిన హంపీ పక్కనే ఎలుగుకు ఇవాళ సొంత చోటు దొరికింది. తెలుగు రాష్ట్రాల్లో ఎలుగు పేరిట ఒక్క అభయారణ్యమూ లేదు. కేరళలోని కాసరగోడ్ జిల్లా 2023లో తనకంటూ ఒక జంతువును, పక్షిని, చెట్టును, పువ్వును ప్రకటించుకుంది. దేశంలో ఒక జిల్లా అలా చేయడం అదే మొదలు. పెద్ద పెద్ద మృగాల వెంట పడకుండా, ఆపదలో ఉన్న తమ నది తాబేలును ఎంచుకున్నారు వాళ్లు.

2022 నుంచి అక్టోబరు 12ను ప్రపంచ ఎలుగుబంటి దినంగా, మన జాతి ఎలుగు కోసమే పాటిస్తున్నారు. నాగర్‌కర్నూల్, నల్లగొండ కలెక్టర్లకు, జిల్లా పరిషత్తులకు, అటవీ అధికారులకు ఒక్క విన్నపం. వచ్చే అక్టోబరు 12లోగా గుడ్డెలుగును మీ జిల్లా జంతువుగా తీర్మానించండి. ఎలుగు గుహలున్న గుట్టలను ఊరివారీగా గుర్తించి, వాటిమీద కొత్త క్వారీ లీజులు ఇవ్వకండి. చేలల్లోని గట్టులేని బావులకు గట్టు కట్టించండి. పాఠకులకు కూడా ఒక మాట: మీ ఊరి గుట్టలో ఎలుగు ఉందని తెలిస్తే ఫోన్ తీసుకుని వెంటపడకండి, అటవీశాఖకు చెప్పండి, మీ గ్రామసభలో ఆ గుట్ట పేరు రాయించండి.